స్టెమ్ సెల్స్ కోర్సుకి డెబ్బై వేలు కట్టే ముందు

కావలి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. స్టెమ్ సెల్స్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది. మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుకి డెబ్బై వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?"

వద్దు అన్నా, ఇప్పుడే కట్టొద్దు. పాప ఇష్టాన్ని మాత్రం కాదనొద్దు.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలను, అంటే వేరే రకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్‌ని, ప్లేట్లలో వేసి, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇంక్యుబేటర్‌లో పెంచుతారు. ఒక ప్లేటుకి ఎముక కణాలుగా మార్చే మీడియం (కణాలకి ఆహారమిచ్చే ద్రవం), ఇంకోదానికి కొవ్వు కణాలుగా మార్చేది, మూడోదానికి మామూలుది. ఆ మూడోది లేకపోతే, కణాలు మనం పోసిన దానివల్లే మారాయో, వాటంతటవే మారాయో చెప్పలేం. దాదాపు మూడు వారాలు, ఆదివారమైనా సంక్రాంతైనా, రెండు మూడు రోజులకోసారి వెళ్లి మీడియం మార్చాల్సిందే. ఆఖర్న ఆలిజరిన్ రెడ్ అనే రంగు వేస్తే కాల్షియం పేరుకున్న చోటల్లా ఎర్రబడుతుంది, ఆయిల్ రెడ్ ఓ వేస్తే కణాల్లో కొవ్వు బొట్లు ఎర్రగా కనిపిస్తాయి. రంగొక్కటే సరిపోదు, ఆర్‌ఎన్‌ఏ తీసి ఏ జన్యువులు పనిచేస్తున్నాయో క్యూపీసీఆర్ అనే పరీక్షలో కూడా చూడాలి.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో పదిహేడో రోజు ప్లేటు తీస్తే ఒక మూల దూదిపింజలా ఫంగస్. అంతా పారేసి మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టా, ఆ రాత్రి ఏడ్చాను కూడా. ఈ ఓపిక పాపకి ఉందో లేదో తెలియాలంటే సర్టిఫికెట్ చూస్తే తెలియదన్నా, చేత్తో పని చేయాలి.

దానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మన తీరంలో రొయ్య సీడ్‌కి వైట్ స్పాట్ వైరస్ టెస్ట్ చేసే పీసీఆర్ (డీఎన్‌ఏని కాపీలు తీసి గుర్తించే పద్ధతి) ల్యాబులున్నాయి కదా, సెలవుల్లో ఒక నెల అక్కడ అడిగి చూడండి. పైపెట్ పట్టడం, డీఎన్‌ఏ తీయడం, ప్రతిసారీ కంట్రోల్ (పైన చెప్పిన మూడో ప్లేటు లాంటిది) పెట్టడం, ఇవన్నీ రేపు మూలకణాల ల్యాబ్‌లోనూ కావాల్సినవే.

డిగ్రీ మూడో ఏడాదిలో ఎమ్మెస్సీ సీట్ల కోసం జరిగే జామ్, గాట్‌-బి పరీక్షలు రాయించండి. ఎమ్మెస్సీ అయ్యాక నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే నెలకి 37 వేలు, పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, అది ఇంట్లో అందరూ ముందే తెలుసుకోండి. పెద్ద పరిశోధన సంస్థలంటే హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఇన్‌స్టెమ్ సరే, మనకి దగ్గర్లో వెల్లూరు సీఎంసీలోనే మూలకణాల పరిశోధన కేంద్రం ఉంది.

ల్యాబ్‌లో రోజూ చేసింది తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయమనండి, పాడైనవి కూడా. నెల తర్వాత ఆ పుస్తకం తీసుకుని ఇద్దరూ రండి, కూర్చుని చూద్దాం.