సీనియర్ సిటిజన్ ఖాతా కదపకండి, షేపర్ మాత్రం తెచ్చుకోండి

ప్రశ్న: మాది గాజువాక. ప్రైవేటు ఫ్యాబ్రికేషన్ షాపులో మెషినిస్టుగా చేసి రిటైరయ్యాను. వయసు 61. 14 నెలల కిందట సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 20 లక్షలు, నా భార్యతో కలిపి పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో 15 లక్షలు వేశాను. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. పీఎఫ్ పింఛను 4,100. ఇంటి ఖర్చు నెలకి 23,000. ఆటోనగర్‌లో మూసేసిన షెడ్డులో ఇనుముని పొరలుపొరలుగా కోసి చదును చేసే 18 అంగుళాల పాత షేపర్ మిషను 65,000కి అమ్ముతున్నారు. తరలింపు 15,000, మోటారు, వైరింగు 30,000 అవుతాయని నా లెక్క. కింది పోర్షన్‌లో పెట్టుకుని బాగుచేసుకోవాలని ఆశ. సీనియర్ సిటిజన్ ఖాతా మూసి డబ్బు తీయనా? భార్య నగల మీద లోను పెట్టనా? పాత కార్లలా దీని ధర పెరుగుతుందా? మా అబ్బాయి ‘తుప్పు ఇనుముకి లక్షా?’ అంటున్నాడు.

జవాబు: కొనుక్కోండి. మీ లెక్కలు రెండుసార్లు చూసుకున్నాకే ఈ మాట అంటున్నానండీ. కానీ మీరు చెప్పిన రెండు దారులూ వద్దు.

సీనియర్ సిటిజన్ ఖాతాలోంచి కొంచెం తీసుకుని మిగతాది ఉంచుకోవడం కుదరదు. తీస్తే మొత్తం ఖాతా మూయాలి. ఏడాది దాటి రెండేళ్లు నిండకముందు మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. 20 లక్షల మీద అది 30,000. మీరు మోటారుకీ వైరింగుకీ రాసుకున్న మొత్తం సరిగ్గా అంతే. లక్ష రూపాయల అవసరానికి మోటారంత డబ్బు వదులుకోవడమెందుకు? నగల లోనుకైతే ఇంకో కారణం ఉంది. సంపాదన తెచ్చే వస్తువు కాదిది. దీని కోసం నెలనెలా వడ్డీ కడుతుంటే మిషను ముందు నిలబడిన ప్రతిసారీ ఆ వడ్డీయే గుర్తొస్తుంది. మీ శ్రీమతి గారి నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

మీ రాబడి చూద్దాం. స్కీము నుంచి 8.2 శాతం చొప్పున మూడు నెలలకి 41,000, అంటే నెలకి 13,666. పోస్టాఫీసు నుంచి 7.4 శాతంతో 9,250. పింఛనుతో కలిపి సుమారు 27,000. ఖర్చు పోగా 4,000 మిగులుతోంది. ఈ పని నడిపించేది ఆ 4,000 రూపాయలే.

మీ ఖర్చుల లెక్కలో రెండు పద్దులు రాయలేదు. టన్ను దాటే మిషనుని మామూలు టైల్స్ నేల మీద దించలేరు. కాంక్రీటు దిమ్మెకి 20,000 పక్కన పెట్టండి. వైసు (ఇనుప ముక్కని బిగించి పట్టే బిగింపు), బేరింగులు, బెల్టులు, రంగులకి మరో 20,000. వెరసి లక్షన్నర. ఎఫ్‌డీలోంచి లక్ష తీయండి. గడువుకి ముందు తీస్తే బ్యాంకు వడ్డీలో కొంత తగ్గిస్తుందే గానీ అసలు జోలికి రాదు. ఆ లక్షతో దిమ్మె, మిషను, హైడ్రా (క్రేను), లారీ అయిపోతాయి. మిగిలిన 2 లక్షలు మీ ఇంటికి ఎనిమిది నెలల ఖర్చు. ఈ వయసులో అంతకంటే దిగకూడదు, దాన్ని రెండు రసీదులుగా విడగొట్టి వేయండి.

ఇక మిగిలిన 50,000 ఒక్కసారిగా అక్కర్లేదు. పాత మిషను బాగుచేసే వరుస ఎలా ఉంటుందో మీకు నాకంటే తెలుసు. మొదటి నెలలన్నీ కిరసనాయిలు, గుడ్డపేలికలు, వైరు బ్రష్షు. ఆ తర్వాత చదునైన సర్ఫేస్ ప్లేటుకి ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పూసి మిషను స్లైడ్లకి (జారే పట్టాలకి) రుద్ది, ఎత్తుగా ఉన్నచోట అంటిన నీలాన్ని చూసుకుంటూ స్క్రేపరుతో గీకడం. దానికి పట్టేది మీ ఓపిక, డబ్బు కాదు. బేరింగులు ఆ తర్వాత. మోటారు అన్నిటికన్నా చివర. నెలకి 4,000 చొప్పున ఏడాది తిరిగేసరికి ఆ డబ్బూ సమకూరుతుంది, పని కూడా అక్కడికే వస్తుంది. మోటారు ముందే కొంటే మన ఉప్పు గాలికి ఏడాది ఊరికే కూర్చుంటుంది.

మా నాన్న గారు కంచరపాలెంలో ఒక చిన్న వర్క్‌షాపులో షేపర్ మీదే చేసేవారు. సెలవుల్లో క్యారేజీ నేనే పట్టుకెళ్లేవాణ్ణి. కోత బిట్టుని మోసే ర్యామ్ నింపాదిగా ముందుకెళ్లి, గబుక్కున వెనక్కి వచ్చేది. వెనక్కొచ్చేటప్పుడు బిట్టుని పట్టుకునే క్లాపర్ బాక్సు కొంచెం పైకి లేచి, మళ్లీ టక్కుమని కూర్చునేది. వెచ్చటి చిప్, అంటే కోసిన ఇనుప పొర, చుట్టచుట్టుకుని నా చెప్పుల దగ్గర పడేది. తెలియని పాఠకుల కోసం చెప్తున్నాను, ఆ వేగంలో తేడా బుల్ గేరు (మిషను లోపలి పెద్ద పళ్ల చక్రం) మీది క్రాంక్ పిన్ను వల్ల. కోత కోసేటప్పుడు అది వృత్తంలో ఎక్కువ భాగం తిరుగుతుంది, తిరుగు ప్రయాణానికి తక్కువ భాగం. 1836లో జేమ్స్ నాస్మిత్ ఈ మిషనుని తయారుచేశాడు. మిల్లింగ్ మిషన్ల వేగం ముందు ఇది నిలవలేక షాపుల్లోంచి పోయింది. కానీ ఇంట్లో తొందరేముంది? పైగా నడిపే ఖర్చు చాలా తక్కువ. మిల్లింగ్ కట్టర్ల జోలికి పోకుండా ఒక్క హైస్పీడ్ స్టీలు బిట్టుని గ్రైండరు మీద మళ్లీమళ్లీ సానపట్టుకుంటూ ఏళ్లు గడపొచ్చు.

ధర పెరుగుతుందా అని అడిగారు. పెరుగుతుందని ఆశపడకండి. కొనేవాళ్లు బహుకొద్దిమంది. దీని అడుగు ధర, అంటే అంతకంటే దిగని ధర, పాత ఇనుము ధరే. దగ్గర్లోని స్క్రాప్ షాపులో కిలో ఎంతో అడగండి. ఉదాహరణకి కిలో 35 చెప్పి, మిషను 1,200 కిలోలుంటే 42,000 అవుతుంది. అప్పుడు 65,000లో మీరు పణంగా పెడుతున్నది 23,000. మీ అబ్బాయికి ఆ అంకె చెప్పండి. బేరం కూడా అక్కణ్నించే మొదలుపెట్టండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక ఆదివారం అరుగుదల కొలిచే డయల్ గేజి పట్టుకెళ్లండి. ర్యామ్ మధ్యలో ఎక్కువ అరుగుతుంది, చివర్లలో తక్కువ. గోరుతో రాస్తే మెట్టు తగులుతుందేమో చూడండి. బుల్ గేరుని చేత్తో ఒక చుట్టు పూర్తిగా తిప్పించి పళ్లు లెక్కపెట్టినట్టు చూడండి. క్లాపర్ పిన్నులో లూజు ఉంటే అది చిన్న రిపేరు. గేరు పన్ను విరిగితే మాత్రం ధర అడుగు ధరకి దిగాల్సిందే. వైసు లేకపోతే అదీ తగ్గించి అడగాలి.

తర్వాత జాబ్ వర్కు చేసి డబ్బు రాబట్టొచ్చన్న ఆలోచన వస్తే, దాన్ని ఈ లెక్కలో కలపకండి. ఇంటి కరెంటు కనెక్షన్ మీద డబ్బుకి పని చేయకూడదు, వచ్చిన డబ్బు వ్యాపార ఆదాయంగా చూపాలి. పక్కింటి పంపు ఇరుసుకి కీవే (గాడి) ఊరికే కోసిపెట్టడం వేరు.

ఇంకొకటి, ఇది మర్చిపోవద్దు. ప్రధానమంత్రి సురక్షా బీమా మీ ఇద్దరికీ తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, 70 ఏళ్ల దాకా ఉంటుంది. ప్రమాదంలో ఒక కన్నో, చెయ్యో పోతే లక్ష ఇస్తుంది, ప్రాణానికి 2 లక్షలు. రక్షణ కళ్లద్దాలు లేకుండా మిషను ముందుకి వెళ్లకండి. ర్యామ్ వెనక్కి ఎంత దూరం వస్తుందో కొలిచి, గోడకీ దానికీ మధ్యన మనిషి దూరకుండా ఇనుప జాలీ కట్టండి. మనవలు వచ్చే ఇల్లు కదా, స్విచ్చుకి తాళం ఉండాలి. జాలీ ఖర్చు బేరింగులు, రంగుల 20,000లోనే సరిపెట్టుకోవచ్చు, రంగు ఒక నెల ఆలస్యమైనా పర్లేదు.