పాత ఆర్కేడ్ మానిటర్ దూరం నుంచి తెప్పించుకోవచ్చా? నాకు మొదటిది మెడ విరిగి వచ్చింది

మీరడిగింది 19 అంగుళాల పాత ఆర్కేడ్ మానిటర్, అంటే నాణెం వేసి ఆడే గేమ్ మెషీన్లో ఉండే పాత టీవీ లాంటి గాజు ట్యూబ్ స్క్రీన్, ఎక్కడ దొరుకుతుంది, దూరంగా ఉన్న అమ్మేవాడు పార్సిల్ చేస్తానంటున్నాడు ఒప్పుకోవచ్చా అని కదండీ. నేను మూడు తెప్పించుకున్నా, మొదటిది పోయింది, మిగతా రెండూ క్షేమంగా వచ్చాయి, అందుకే ముందు ఆ పోయినదాని సంగతి చెప్తా.

పెట్టె బయటికి చెక్కుచెదరలేదు, ఒక్క మూల కూడా నొక్కుకుపోలేదు, నేనేమో సంబరంగా విప్పా. బబుల్ ర్యాప్ బోలెడు చుట్టాడు పాపం, స్క్రీన్ మీద గీత కూడా లేదు. వెనక్కి తిప్పి చూస్తే నెక్ బోర్డు, అంటే ట్యూబ్ మెడ చివర తగిలించే చిన్న సర్క్యూట్ బోర్డు, వైర్లకి వేలాడుతోంది, దాని సాకెట్లో ట్యూబ్ మెడ గాజు ముక్క ఇరుక్కుని ఉంది. అంతే, లోపల శూన్యంగా ఉండాల్సిన ట్యూబ్‌లోకి గాలి దూరాక దాన్ని బాగుచెయ్యడం మనవల్ల కాదు. క్లెయిమ్ పెడితే ప్యాకింగ్ సరిగ్గా లేదని ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు చేతులు దులిపేసుకున్నారు, వాళ్ళన్నదీ అబద్ధమేం కాదులెండి.

ట్యూబ్ బరువంతా ముందు గాజులోనే ఉంటుంది, వెనక మెడ మాత్రం సన్నగా పల్చగా ఉంటుంది, దాని చివర నెక్ బోర్డు అలాగే వదిలేస్తే పెట్టె ఎక్కడో ధబీమని పడినప్పుడు ఆ బోర్డు బరువే మెడని విరిచేస్తుంది. అందుకే నెక్ బోర్డు మెల్లగా నిటారుగా లాగి తీసేసి ట్యూబ్‌ని బోర్లా పెట్టమనండి, అంటే స్క్రీన్ కిందకి, మెడ పైకి. కింద మూడు నాలుగు అంగుళాల గట్టి ఫోమ్ ఉండాలి, థర్మోకోల్ గింజలు పోస్తే మాత్రం ఇంత బరువుకి అవి పక్కకి జరిగిపోయి దారిలోనే ట్యూబ్ అడుక్కి దిగిపోతుంది. మెడ చుట్టూ ఏదీ తగలకూడదు, దాని కొసకీ పైమూతకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి, ఫోమ్ నింపేది గంట ఆకారంలో ఉన్న భాగం చుట్టూ మాత్రమే. మెడ మొదట్లో చుట్టూ ఉండే రాగితీగ చుట్టనీ (యోక్), మెడ మీద ఉండే రింగుల్నీ ఎవరూ కదపొద్దు, కదిపితే రంగులు కలవక మళ్ళీ సరిచేసుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

పెట్టె మీద బాణం గుర్తులూ, "గాజు, జాగ్రత్త" లాంటివి ఎన్ని రాసినా చూసేవాడుండడు. ప్లైవుడ్ పెట్టెలో పెట్టి ప్యాలెట్‌కి బిగించి పంపిస్తే ఫోర్క్‌లిఫ్ట్‌తో తప్ప ఎత్తలేరు కాబట్టి తిరగెయ్యరు, నా రెండోది అలాగే వచ్చింది. మూడోది క్యాబినెట్‌లోంచి, అంటే గేమ్ మెషీన్ పెట్టెలోంచి, తియ్యకుండానే మొత్తం తెప్పించా, ఖర్చు ఎక్కువే కానీ నాకైతే అదే బెస్ట్ అనిపించింది.

ఒక్కటి మాత్రం అమ్మేవాడికి ముందే చెప్పండి, ప్లగ్ తీసేసినా ట్యూబ్‌లో వేల వోల్టుల చార్జ్ నిలిచి ఉంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి ఆ వైరు రెండో కొస ముందు ట్యూబ్ చుట్టూ ఉండే జడలా అల్లిన గ్రౌండ్ తీగకి తగిలించి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ కొసని ట్యూబ్‌కి అతుక్కునే లావుపాటి వైరు చివరి రబ్బరు టోపీ కిందకి దూర్చి డిశ్చార్జ్ చెయ్యాలి, కొన్ని నిమిషాలాగి ఇంకోసారి చెయ్యాలి, రెండో చెయ్యి జేబులో ఉండాలి. అలవాటు లేనివాళ్ళయితే తెలిసినవాళ్ళతో చేయించమనండి, మొహమాటపడొద్దు.

ఎక్కడ దొరుకుతాయంటే, పాత క్యాబినెట్లకి ఎల్‌సీడీ పెట్టించుకునేవాళ్ళని పట్టుకోండి, వాళ్ళకి ఆ పాత ట్యూబ్ అడ్డం, తీసుకెళ్తే చాలనుకుంటారు. ఆర్కేడ్‌లు నడిపి మూసేసినవాళ్ళ గోడౌన్లు, గేమ్ మెషీన్లు రిపేర్ చేసేవాళ్ళు తర్వాత. బండేసుకుని మనమే వెళ్ళి తెచ్చుకునే దూరంలో దొరికితే కాస్త ఎక్కువడిగినా అదే కొనండి.

కొనేముందు చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేసిన వీడియో అడగండి, వేడెక్కాక తీసింది కాదు. ఆఫ్‌లో ఉన్న స్క్రీన్‌కి పక్కనుంచి లైటు కొట్టి ఫోటో తియ్యమంటే బర్న్, అంటే ఏళ్ళతరబడి ఒకే బొమ్మ వెలగడంవల్ల పడ్డ మచ్చ, బయటపడుతుంది, పాక్‌మాన్ మెషీన్లోదైతే ఆ గళ్ళన్నీ గాజు మీద అచ్చేసినట్టు కనపడతాయి. ఎలక్ట్రోహోమ్ జీ07, వెల్స్-గార్డ్‌నర్ కే7000 లాంటి మానిటర్ మోడల్స్‌లో బొమ్మ రాకపోయినా భయం లేదు, కెపాసిటర్లయినా, ట్యూబ్‌కి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మరయినా మార్చుకుంటే చాలాసార్లు లేస్తాయి, ట్యూబ్ బాగుండాలి అంతే. మీ గేమ్ బోర్డు (గేమ్ నడిపే సర్క్యూట్) స్క్రీన్ మీద అడ్డగీతలు గీయించే వేగం ఎన్ని కిలోహెర్ట్జో కూడా చూసుకోండి, పాతవి ఎక్కువగా 15, మామూలు కంప్యూటర్ మానిటర్ 31 నుంచి మొదలు కాబట్టి అది పనికిరాదు. ఆస్టరాయిడ్స్ (1979), టెంపెస్ట్ (1981) లాంటి గేముల్లో ఉండేవి బొమ్మని నేరుగా గీతలు గీసి చూపించే వెక్టర్ మానిటర్లు, వాటి దారే వేరు, మొదటిసారికి వాటి జోలికెళ్ళకండి.

వచ్చాక ఆత్రపడి ప్లగ్ పెట్టకండి, చలిలోంచి వస్తే గాజు మీద తేమ పడుతుంది, ఒక రాత్రి అలా వదిలెయ్యండి. చాలావాటికి ఇంటి కరెంటుకి మానిటర్ నేరుగా తగలకుండా మధ్యలో పెట్టే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది క్యాబినెట్‌లో ఉండిపోతుంది, మానిటర్‌తో రాదు. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, రెండోది వచ్చాక అది దొరికేదాకా రెండు వారాలు దాన్ని ఊరికే చూస్తూ కూర్చున్నా.