ఇంటి పక్క హోటల్లో ఒక రాత్రి, గది మా అత్తయ్య పేరు మీద

"సొంత ఊళ్లోనే, కొత్తగా బాగుచేసిన హోటల్లో శని, ఆదివారాలు గడిపితే బాగుంటుందా, లేక డబ్బు దండగా? ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి" అని ఒకరు అడిగారు. మేము మొన్న జనవరిలో, సంక్రాంతికి ముందు శని, ఆదివారాల్లో వెళ్లొచ్చాం. దండగ కాదు. కాకపోతే నేను చేసిన రెండు పొరపాట్లు మీరు చేయకండి. ఒకటి, మరీ ఇంటి పక్కనే తీసుకోవడం. రెండోది, ఆధార్ కార్డు సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోకపోవడం.

మాది సికింద్రాబాద్. అయిదేళ్ల కిందటి దాకా ఏటా సంక్రాంతికి తెనాలి వెళ్లేవాళ్లం. మామయ్యగారు పోయాక అక్కడి ఇల్లు అమ్మేశాం, అత్తయ్య మా దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడు పండక్కి ఊరెళ్దామంటే ఊళ్లో మనవాళ్లెవరూ లేరు. పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరిన కార్లని టీవీలో చూస్తూ, "మనకి ఆ బాధ లేదులే" అని ఒకరికొకరం చెప్పుకోవడమే మా పండగ అయిపోయింది. ఈసారి పిల్లలు ఊరుకోలేదు. రైళ్లలో చోటు లేదు, ప్రైవేటు బస్సుల టికెట్లు ముట్టుకుంటే కాలుతున్నాయి. అప్పుడు మా అమ్మాయి ఎస్డీ రోడ్డు దగ్గరున్న ఈ హోటల్ సంగతి ఎత్తింది. మా ఇంటి నుంచి ఎనిమిది నిమిషాల నడక. పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముప్పై ఏళ్లుగా చూస్తున్న హోటలే. పెళ్లివారికి విడిది చూపించడానికి ఒకటి రెండుసార్లు లోపలికి వెళ్లానేమో. దాదాపు పది నెలల పాటు ముందంతా ఆకుపచ్చ గుడ్డ కప్పేసి, లోపల గోడలు తవ్విపోసి, మళ్లీ తెరిచేసరికి బయట పసుపు దీపాలూ, లోపల ఏదో అత్తరు వాసనా వచ్చేశాయి.

ముందు ఎప్పుడు వెళ్లాలో చెప్తాను, ఎందుకంటే డబ్బు అక్కడే కలిసొస్తుంది. గది ధర చూసే ముందు పంచాంగం చూడండి. మన పాత హోటళ్లకి గదుల కంటే కింద ఉన్న ఫంక్షన్ హాలు మీద ఆదాయం ఎక్కువ. ముహూర్తం ఉన్న రోజున వెళ్లారో, లిఫ్టు నిండా పూలదండలు, పట్టుచీరలు, పెట్టెలు. మా చెల్లెలు మాఘమాసంలో ఇలాగే ఒక హోటల్‌కి వెళ్లి అర్ధరాత్రి దాకా బ్యాండు విని వచ్చింది, డబ్బులిచ్చి మరీ. అదే ఆషాఢంలోనో, పుష్యంలోనో, మౌఢ్యం ఉన్న రోజుల్లోనో అయితే హాలు ఖాళీ, గది రేటు దిగుతుంది, పిలిస్తే మనిషి పలుకుతాడు. మేము వెళ్లింది పుష్యంలో, పైగా సగం ఊరు పండక్కి వెళ్లిపోయిన రోజుల్లో. అల్పాహారంతో కలిపి గదికి 4,400 చొప్పున రెండు గదులు ఇచ్చారు. ఆషాఢమైతే మాత్రం సికింద్రాబాద్‌లో ఉజ్జయిని మహంకాళి బోనాల ఆదివారం వదిలేయండి, కారు కాదు కదా కాలు కదపడం కష్టం. మీ ఇల్లు ఇటువైపు అయితే హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ల కోసం కట్టిన హోటళ్లు కూడా చూడండి. శుక్రవారం సాయంత్రానికి ఆ జనం వెళ్లిపోతారు కాబట్టి శని, ఆదివారాల్లో అక్కడ తక్కువకే దొరుకుతుంటాయి.

ఇక ఆధార్ కథ. మధ్యాహ్నం రెండింటికి మూడు సంచులతో, అత్తయ్య చేతిలో కాఫీ ఫ్లాస్కుతో రిసెప్షన్ దగ్గర నిలబడ్డాం. కుర్రాడు మా ఇద్దరి కార్డులూ తిరగేసి, "లోకల్ ఐడీ మేడమ్... మేనేజర్‌ని అడగాలి" అన్నాడు. మా ఆయనకి యాభై రెండేళ్లు. పక్కన కాలేజీకెళ్లే కొడుకు, తొమ్మిదో తరగతి కూతురు, డెబ్భై నాలుగేళ్ల తల్లి. వీళ్లందర్నీ వెంటేసుకుని ఏ చెడ్డపనికి వచ్చాడనుకున్నాడో ఆ కుర్రాడు!

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఊరివాళ్లకి గది ఇవ్వకూడదని చట్టం ఏమీ లేదు. గుర్తింపు కార్డు తీసుకోవడం హోటల్ బాధ్యత, అంతే. అదే ఊరి చిరునామా ఉన్నవాళ్లని వద్దనడం చాలా హోటళ్లు తమంతట తాము పెట్టుకున్న నియమం. బుకింగ్ యాప్‌లో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, డబ్బు కట్టేటప్పుడు ఎవరూ చదవం. కాబట్టి బుక్ చేసే ముందే నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి "మాది ఈ ఊరే, ఆధార్‌లో ఇక్కడి అడ్రసే ఉంది, ఇస్తారా?" అని అడిగి, సరే అంటే ఆ మాట వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. అలాగే ఆధార్ మొత్తం నంబరు ఇవ్వక్కర్లేకుండా చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది, దాన్ని ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

మేనేజర్ వచ్చాడు. మా ఆయన గొంతు పెంచబోతుండగా అత్తయ్య బొడ్లోంచి చిన్న పర్సు తీసి తన కార్డు బల్ల మీద పెట్టారు. అందులో ఇంకా తెనాలి అడ్రసే ఉంది. ఆ అడ్రసు మార్పించలేదని నాలుగేళ్లుగా నేను మా ఆయన్ని సాధిస్తూనే ఉన్నాను. మేనేజర్ చూసి, "ఓకే, అమ్మగారి పేరు మీద వేసేద్దాం" అన్నాడు. అంతే, రెండు గదులూ ఆవిడ పేరు మీద. ఇక అక్కడి నుంచి ఆవిడ తీరే మారిపోయింది. పిల్లలు ఏసీ తగ్గిస్తే, "నా గదిలో నా ఇష్టం" అనేవారు.

గదుల సంగతి. పాత హోటల్‌ని బాగుచేస్తే ఒక లాభం, గదులు పెద్దవి. ఇప్పుడు కట్టేవాళ్లు అంత జాగా వదలరు. మెట్ల దగ్గర పాత మొజాయిక్ గచ్చు అలాగే ఉంచారు, అది నాకు బాగా నచ్చింది. పరుపు బాగుంది, మంచానికి రెండువైపులా ప్లగ్గులున్నాయి. కానీ స్నానాల గదికీ పడగ్గదికీ మధ్య నిలువెత్తు అద్దం గోడ! ఈ ఫ్యాషన్ ఎవరు కనిపెట్టారో గానీ, అత్తాకోడళ్లు కలిసి ఉండే ఇళ్ల గురించి ఆయనకి తెలియదు. లోపల తెర ఉంది, దాని తాడు తెగి ఉంది. ఒక దుప్పటి అడ్డం కట్టాం.

కొత్త రంగు, కొత్త చెక్కల జిగురు వాసన ఇంకా పోలేదు. కిటికీలు తెరుచుకోవు, ఏసీ కోసం మూసేశారు. మీకు గానీ పిల్లలకి గానీ ఆయాసం ఉంటే ముందుగానే ఈ మాట అడగండి, బాగుచేసి ఎన్నాళ్లయింది, కిటికీ తెరుచుకుంటుందా అని. పై అంతస్తులో పని ఇంకా నడుస్తోందా అన్నది కూడా అడగాలి. మాకు అదృష్టం కలిసొచ్చింది, డ్రిల్లింగ్ మిషన్లు పండక్కి ఊరెళ్లాయి.

అసలు తంటా షవర్ కింద. నేలకి వాలు సరిగ్గా పెట్టలేదు. అయిదు నిమిషాలు స్నానం చేస్తే నీళ్లు జాలీ వైపు పోకుండా తలుపు వైపు వచ్చి, పడగ్గదిలోని కొత్త చెక్క నేల మీదకి పాకాయి. రెండుసార్లు మనిషొచ్చి తుడిచాడు, మూడోసారి మేమే తువాలు మడిచి కట్టలా పెట్టేశాం. పాత కట్టడాన్ని హోటల్ చేయడమంటే మనందరికీ ఫలక్‌నుమా గుర్తొస్తుంది. ఆ ప్యాలెస్‌ని బాగుచేయడానికి దాదాపు పదేళ్లు పట్టి, 2010లో తాజ్ వాళ్లు తెరిచారు. ఇక్కడ పది నెలల్లో ముగించారు. ఆ తేడా హాల్లోని దీపాల దగ్గర తెలియదు, స్నానాల గదిలో తెలుస్తుంది. అందుకే గదిలోకి అడుగుపెట్టగానే ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి, ఎటు పోతున్నాయో. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు చేసే పనే. సంచులు విప్పకముందైతే గది మార్చమని అడగడం తేలిక.

సాయంత్రం అయిదింటికి ఏడో అంతస్తు కిటికీలోంచి పిల్లలు మన ఇల్లెక్కడుందో వెతుకుతున్నారు. మావాడు ఫోన్ కెమెరా జూమ్ చేసి, "నాన్నా, మన ట్యాంకులోంచి నీళ్లు పోతున్నాయి" అన్నాడు. నమ్మలేదు. చూస్తే నిజమే, మా అపార్ట్‌మెంట్ మీది నల్ల ట్యాంకు పక్కనుంచి నీళ్లు గోడ మీదుగా జలపాతంలా దిగుతున్నాయి. వాచ్‌మన్ పండక్కి ఊరెళ్లాడు. మోటారు వెయ్యడం ఫ్లాట్ల వాళ్లకి వంతులు వేశారు, శనివారం వంతు మాది. మా ఆయన ఇంట్లోంచి బయల్దేరే ముందు స్విచ్ వేసి, ఆటో వచ్చిందని దిగిపోయాడు. మూడు గంటల పైనే! చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరిగెత్తాడు. ఆయన లిఫ్టు దాకా వెళ్లాడో లేదో, అత్తయ్య తలుపు తీసి కేకేశారు: "ఒరేయ్, ఎలాగూ ఇంటికి పోతున్నావుగా, మాగాయ సీసా పట్రా!"

మరీ దగ్గర వద్దనేది ఇందుకే. ఆదివారం పొద్దున మంచినీళ్లు వచ్చే రోజు. మాకు రోజు విడిచి రోజు వస్తాయి, అయిదున్నరకి సంపు మూత తీసి చూడాల్సింది మా ఆయనే, మళ్లీ వెళ్లాడు. తిరిగొస్తూ పాల ప్యాకెట్లు ఫ్రిజ్‌లో పెట్టి, తులసికి నీళ్లు పోసి వచ్చాడట. అదే పది, పన్నెండు కిలోమీటర్లు అవతల ఉంటే ఎవరికో ఫోన్ చేసి చెప్పి ఊరుకునేవాళ్లం. ఇంట్లో చీటికీమాటికీ పిలిచే ట్యాంకు, కుక్క, పూలకుండీలు ఉన్నవాళ్లు ఊరికి ఆ చివర తీసుకోండి.

అయితే దగ్గరగా ఉండడంలో ఒక సుఖం కూడా చూశాను. ఆయన నీళ్లు పట్టడానికి వెళ్లగా నేనూ మా అమ్మాయీ ఆరున్నరకి నడకకి బయల్దేరాం. రోజూ హారన్ల మధ్య తల వంచుకుని దాటే రోడ్లే. పండగ ఆదివారం కదా, మనిషి లేడు. 1850లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి దగ్గర గంట వినపడుతుంటే కాసేపు నిలబడ్డాం. అక్కడి నుంచి క్లాక్ టవర్ దాకా నడిచాం. దాని మీద 1897 అన్న సంవత్సరం ఉందని ఇన్నేళ్లలో నేను గమనించనే లేదు, మా అమ్మాయి చూపించింది. ఇరానీ కేఫ్‌లో చెరో చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు. ఇంట్లో ఉంటే ఆ టైముకి ఇడ్లీ పిండి కలుపుతూ ఉంటాను, ఎనిమిది నిమిషాల దూరంలో ఇదంతా ఉన్నా.

అసలు నేను డబ్బు పెట్టింది ఇందుకేనని అప్పుడనిపించింది. ఒక రోజంతా "ఈపూట ఏం వండను?" అని ఎవర్నీ అడగలేదు, నన్నెవరూ అడగలేదు. కానీ ఆ అలవాటు పోవడం అంత తేలిక కాదు. గదికి తిరిగొచ్చేసరికి అత్తయ్య రెండు మంచాల దుప్పట్లూ తీర్చిదిద్ది, కప్పులు కడిగి బోర్లించి పెట్టారు. "అత్తయ్యా, మనిషొచ్చి చేస్తాడండీ" అంటే, "వాడు వచ్చేసరికి ఇలా పడుంటే ఏమనుకుంటాడు?" అన్నారు. నవ్వబోయాను, చూసుకుంటే నా చేతిలో సగం మడిచిన తువాలు ఉంది.

అల్పాహారంలో పెసరట్టు అప్పటికప్పుడు పోసిస్తున్నారు, అది బాగుంది. అల్లం పచ్చడిలో బెల్లం తప్ప అల్లం లేదని అత్తయ్య తీర్పు. మాగాయ సీసా బల్ల మీదకి వచ్చింది. వడ్డించే అబ్బాయి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, మంచివాడు.

లెక్కలు. గదులకి 8,800, దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపి 9,240. ఇక్కడ ఒక కిటుకు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న గదికి పన్ను 5 శాతం, అది దాటితే 18. అంటే 7,500 గదికి పన్ను 375, 7,600 గదికి 1,368. వంద రూపాయల తేడాకి దాదాపు వెయ్యి పన్ను. యాప్‌లో ముందు కనిపించే ధర చూసి మురిసిపోకండి, చివరి అంకె చూడండి. రాత్రి భోజనం అక్కడి రెస్టారెంట్లోనే చేశాం, అది నా మూడో పొరపాటేమో, కూరలన్నిటికీ ఒకటే గ్రేవీ. బిల్లులో 10 శాతం సర్వీస్ చార్జీ వేశారు. అది మన ఇష్టం, బలవంతం కాదు. వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసెయ్యమన్నాను, మారుమాట లేకుండా తీసేశారు. ఆ డబ్బు వడ్డించిన అబ్బాయి చేతిలో పెట్టాను. అంతా కలిపి పదమూడు వేల లోపే అయింది.

రెండింటికి లోపలికి, మర్నాడు పదకొండింటికి బయటికి అంటే ఇరవై ఒక్క గంటలే, రెండు రోజులు కాదు. శనివారం సాయంత్రమే అడిగితే, గదులు ఖాళీ కాబట్టి ఆదివారం రెండింటిదాకా ఉండనిచ్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. చివరి నిమిషంలో అడిగితే ఇచ్చేవారు కాదనుకుంటాను.

వెళ్లేటప్పుడు బిల్లు మీద సంతకం అత్తయ్యే పెట్టారు, కళ్లజోడు పెట్టుకుని, ఇంటి పేరుతో సహా నిదానంగా. ఇంటికొచ్చాక మా ఆయన, "రేపు పండగ అయిపోగానే నీ ఆధార్ అడ్రసు మార్పిస్తానమ్మా" అన్నాడు. ఆవిడ కార్డు పర్సులో పెట్టి బొడ్లో దోపుకుంటూ, "వద్దులేరా, ఆషాఢం రానీ" అన్నారు.