సంతకాల కార్డుల విషయమై మనవడికి

చిరంజీవి కార్తీక్‌కు, కావలి నుంచి మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న ఒంగోలు వచ్చినప్పుడు, ఆటగాళ్ల ఫొటోలు అచ్చువేసిన నీ ఫుట్‌బాల్ కార్డులు చూశాను. పేరుమోసిన వారిని కాకుండా, రెండు మూడు సీజన్లు ఆడి కనుమరుగైన వారి సంతకాలే సేకరిస్తానని నువ్వు అన్న మాట నాకెంతో నచ్చింది. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిని కనుక తెలిసిన నాలుగు సంగతులు రాస్తున్నాను.

పెద్ద ఆటగాళ్ల సంతకాలకు బజారులో ధర ఉంది కాబట్టి దొంగ సంతకాలు కూడా పుడుతుంటాయి. ఎవరికీ గుర్తులేని డిఫెండర్ సంతకాన్ని అనుకరించి సంపాదించేదేమీ ఉండదు. అయితే పోల్చి చూసుకోవడానికి మరో నమూనా దొరకడం కష్టం. అందుచేత సంతకం కోసం మనం పంపిన కార్డు తిరిగి వచ్చిన కవరును తపాలా ముద్రతో సహా దాచిపెట్టు. ఎప్పుడు, ఎలా చేతికొచ్చిందో విడిగా ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి ఉంచు, కార్డు వెనుక మాత్రం రాయవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది నువ్వు రాసే ఉత్తరం. అందరికీ ఒకే నకలు పంపితే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. పాత పత్రికలు తిరగేసి, ఆయన ఆడిన ఒక్క మ్యాచ్ అయినా పట్టుకుని దాని గురించి రాయి. సికింద్రాబాదులో ఉండే ఒక పాత గోల్‌కీపర్ గారికి నేను రెండు కార్డులు పంపుతూ, బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీలో ఆయన ఆపిన ఒక బంతి గురించి నాలుగు వాక్యాలు రాశాను. నెలన్నర తరువాత ఒక్క కార్డే తిరిగి వచ్చింది. సంతకంలో మొదటి అక్షరం గట్టిగా పడింది కానీ, పోనుపోను గీత వణికి కార్డు అంచు దాకా జారిపోయింది. మైదానంలో తీసిన తన ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదని, అందుకే రెండోది మనవరాలి కోసం ఉంచుకున్నానని చీటీ పెట్టారు. అప్పటినుంచి ఎవరికి పంపినా, ఒక కార్డు వారికేనని ముందే రాస్తున్నాను. నువ్వూ అలాగే చెయ్యి.

మన హైదరాబాదు ఆటగాళ్లను మరువకు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో అక్కడి పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టువారి కార్డు ఒక్కటీ నా కంటబడలేదు. అటువంటివారికి మనమే ఫొటో సంపాదించి, రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవుతో, మెరుపులేని కాగితం మీద అచ్చు వేయించుకోవచ్చు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన గోల్స్ చేసిన తులసీదాస్ బలరాం గారికి రాద్దామని ఏటా అనుకుంటూ వాయిదా వేశాను. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయారు. అదే ఏడాది ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ గారు కూడా వెళ్లిపోయారు. ఆ రెండు ఖాళీలు నా ఆల్బంలో అలాగే ఉన్నాయి. కనుక నీ జాబితాలో అందరికంటే వయసు మళ్లినవారికి ఈ వారమే రాయి.

తిరుగు కవరు మీద నీ చిరునామా రాసి, తపాలా బిళ్ల అంటించి, కార్డులు మడతపడకుండా లోపల అట్టముక్క పెట్టు. ఇంగ్లాండు నుంచి తిరిగి రావడానికి మన బిళ్ల చెల్లదు, అక్కడున్న మీ పిన్నిని అడిగి ఆ దేశపు బిళ్లలు తెప్పించుకో. చిరునామా కోసం వారు ఆడిన క్లబ్బునే ఆశ్రయించు. ఒకవేళ ఇంటి చిరునామా తెలిసినా దాన్ని మరొకరికి చెప్పవద్దు.

బాల్‌పెన్ను కార్డు మీద గాడి పెడుతుంది కాబట్టి నీలిరంగు పర్మనెంట్ మార్కరు వాడమను. నున్నటి కార్డు మీద సిరా త్వరగా ఆరదు, సంతకమయ్యాక ఒక రోజంతా తాకకుండా ఉంచాలి.

మన సముద్రపు గాలి కాగితానికి శత్రువు. ఒక కార్తీకమాసపు ముసురులో, చవక ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన కార్డొకటి దానికే అతుక్కుపోయి, నేను ఊడదీయబోతే సంతకంలో సగం తొడుగుతో పాటే వచ్చేసింది. పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్ తొడుగులే కొను, డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మారుస్తూ ఉండు. లామినేషన్ ఎన్నడూ చేయించకు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు నీ మొదటి ఉత్తరం చిత్తుప్రతి వెంట తీసుకురా, పంపే ముందు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య