సమాధానం: బ్యాటరీ మార్చాక ఆటోమేటిక్ గేర్లలో కుదుపు
కొత్త బ్యాటరీ వేయించినప్పటి నుంచి రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు బండి కుదుపుతోందన్నారు కదా, గేర్‌బాక్స్ పోయిందని కంగారు పడకండి. మీది టార్క్ కన్వర్టర్ రకం, అంటే ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే ఆటోమేటిక్. గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌లకు ఎంత ఆయిల్ ప్రెషర్ ఇవ్వాలో కంప్యూటర్ బండి నడిచేకొద్దీ నేర్చుకుంటుంది. మీలాంటి పాత మోడళ్లు చాలావాటిలో కరెంటు తీసేస్తే ఆ లెక్కలు చెరిగిపోతాయి.

ముందు బ్యాటరీ టెర్మినళ్లు బిగుతుగా ఉన్నాయో చూడండి. బ్యాటరీలో ఇంజన్ ఆపినప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తుంటే సుమారు 14 ఉండాలి.

తర్వాత ఏసీ, లైట్లు ఆపి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా పార్క్‌లోనే ఉంచండి. అప్పుడు ఖాళీ రోడ్డెక్కి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ అన్ని గేర్లూ పడేలా నడిపి, నిదానంగా బ్రేక్ వేసి పూర్తిగా ఆపండి. ఇలా పదేపదే చెయ్యాలి. ఒక్కసారిగా తొక్కే జోలికి పోవద్దు. మధ్యలో మళ్లీ బ్యాటరీ పీకారో, నేర్చుకున్నదంతా గంగపాలే (బ్యాటరీ పీకడాన్నే 'రీసెట్' అని వీడియోల్లో చెప్పేవాళ్లకి కొదవ లేదు).

కొన్నాళ్లు నడిపినా తగ్గకపోయినా, చెక్ ఇంజన్ లైటు వెలిగినా స్కానర్‌తో (బండి కంప్యూటర్‌కి తగిలించే పరికరం) లోపాల కోడ్‌లు చదివించండి. గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం కూడా చూడమనండి. ఏఎంటీ (మామూలు గేర్‌బాక్స్‌లోనే క్లచ్, గేర్లు యంత్రం వేసే రకం) బండ్లవాళ్లు మాత్రం ఈ పద్ధతి పాటించొద్దు, వాటి క్లచ్ లెర్నింగ్ సాధారణంగా స్కానర్‌తోనే చేయించాలి.