పాఠకుల ప్రశ్నలు - జవాబులు: పైసా కట్టక్కర్లేని మస్కట్ వీసా

ప్రశ్న: మా పక్కింటి అమ్మాయికి 22 ఏళ్లు, తొమ్మిదితో చదువు ఆపేసింది. మస్కట్‌లో ఇంటి పని ఉందట. పైసా కట్టక్కర్లేదు, ఎదురు 20 వేలు ఇస్తానంటున్నాడు ఊళ్లో ఏజెంటు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటున్నాడు. పంపొచ్చా?
- ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: వద్దండి. పది పాసవ్వలేదు కాబట్టి ఆమెది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) తప్పనిసరైన పాస్‌పోర్టు అవుతుంది. ఆ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్‌లో ఇంటి పనికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇవ్వరు. విజిట్ వీసా ఎత్తు అందుకే. దాని మీద వెళ్తే ఒప్పంద పత్రం ఉండదు, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండదు, ఆమె ఏ ఇంట్లో ఉందో మన ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కడా ఉండదు.

ఇక పైసా కట్టక్కర్లేదన్న మాట. అసలు భయపడాల్సింది దానికే. ఆమె మీద పెట్టిన ఖర్చంతా ఏజెంట్లు అక్కడి యజమానుల దగ్గర రాబట్టుకుంటారు. తిరిగొస్తానంటే ఆ యజమానులు 'కట్టిన డబ్బు కక్కి వెళ్లు' అంటారు. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంటుంది. కొట్టారనో జీతం ఇవ్వలేదనో పారిపోతే ఖల్లివల్లి (యజమానిని వదిలి, పత్రాలు లేకుండా ఉండే మనిషి) అయిపోతుంది, పోలీసుకు చెప్పుకోలేదు. వ్యభిచారంలోకి దింపేవాళ్లు వెతికేది ఇలాంటివాళ్ల కోసమే.

ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. 'ఫలానా ఆఫీసు తరఫున చేస్తున్నాను' అంటే అతను సబ్ ఏజెంటు, చట్టంలో గుర్తింపు లేదు. ఇప్పటికే పాస్‌పోర్టు ఇచ్చేసి ఉంటే వెంటనే వెనక్కి అడగండి. ఇవ్వకపోతే స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి. వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌పే రసీదులు చెరపకండి. 'ఇష్టపడే వెళ్తోంది కదా' అని ఎవరన్నా వెనక్కి తగ్గొద్దు. మోసంతోనో ఆశ చూపో దోపిడీ కోసం తరలిస్తే బాధితురాలి సమ్మతి లెక్కలోకి రాదని భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ వివరణలోనే ఉంది. కనీస శిక్ష 7 ఏళ్లు.

ప్రశ్న: మా మేనకోడలు, 16 ఏళ్లు, నిన్న సాయంత్రం నుంచి కనిపించడం లేదు. పోలీసులు 24 గంటలు ఆగి రమ్మంటున్నారు.
- ఒక పాఠకుడు, సామర్లకోట

జవాబు: అలాంటి నియమం ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు తప్పిపోతే కిడ్నాప్ లేదా అక్రమ రవాణాగానే భావించి ఎఫ్‌ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా రాసే ఎఫ్‌ఐఆర్) అడగండి, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా రాయాలి. ఈలోగా 112కు (అత్యవసర సాయం), 1098కు (చైల్డ్ హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. రైలెక్కిందన్న అనుమానముంటే 139కి (రైల్వే హెల్ప్‌లైన్) కూడా. మీ రైల్వే స్టేషన్‌లో ఎక్కితే తెల్లారేసరికి రాష్ట్రం దాటుతుంది, ఒక్కో గంటా విలువైనదే. ఈమధ్య తీసిన ఫొటో, వేసుకున్న బట్టల వివరాలు, వయసు రుజువు పట్టుకెళ్లండి. ఆమె ఫోన్ కొన్న డబ్బా ఉంటే అదీ తీసుకెళ్లండి, ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరు దాని మీదే ఉంటుంది. సిమ్ మార్చేసినా ఆ నంబరుతో జాడ తీస్తారు.