"ఏమీ కాదు" అనకమ్మా

అమ్మలూ,

నిన్న ఫోన్ పెట్టేశాక కూడా పాప ప్రశ్న నా చెవుల్లోనే ఉంది. యుద్ధం వార్తలు చూసి "ఆ బాంబులు మన పర్లాకిమిడి మీద కూడా పడతాయా?" అని అడిగితే, "అవన్నీ నీకెందుకు, పోయి చదువుకో" అన్నానని చెప్పావు. నిన్ను తప్పు పట్టడం లేదు. నేనూ అలాంటి తప్పే చేశాను.

2013 అక్టోబరు 12, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి. మీ అన్నయ్య కొడుక్కి అప్పుడు ఏడేళ్లు. ఒడియా టీవీలో 'బాత్యా, బాత్యా' (తుఫాను, తుఫాను) అని రోజంతా విని వణుకుతుంటే, "ఏమీ కాదురా, పడుకో" అన్నాను. ఆ గాలికి వంటింటి రేకులు లేచిపోయాయి. వాడు ఏడవలేదు, నా మొహంకేసి చూశాడు. ఆ తరవాత చాన్నాళ్లు నేనేం చెప్పినా వెళ్లి మీ నాన్నను అడిగి మరీ నమ్మేవాడు.

అందుకే ముందు పాపను అడుగు: ఏం విన్నావు, ఎక్కడ చూశావు, దేనికి భయమేస్తోంది? మనం అనుకునే భయం, వాళ్ల మనసులోది ఒకటి కాకపోవచ్చు. 2023 జూన్‌లో బాలాసోర్ దగ్గర కోరమాండల్ రైలు ప్రమాదం జరిగినప్పుడు పక్కింటి బాబు అన్నం మానేశాడు. చావుల వార్తలు చూసి అనుకున్నాం. తీరా అడిగితే, వాళ్ల నాన్న ప్రతి వారం రైల్లోనే విశాఖ వెళ్తాడు, అదీ వాడి టెన్షన్. నాన్న దిగగానే ఫోన్ చేస్తానన్నాడు, చేశాడు. వాడు మళ్లీ అన్నం తిన్నాడు.

ఆ ప్రమాదంలో పోయినవాళ్లను ఉంచిన బహనగా బడికి వెళ్లడానికి పిల్లలు భయపడితే, ఆ పాత భవనాన్నే పడగొట్టించారు. పిల్లల భయాన్ని అంతగా పట్టించుకున్నారమ్మా, నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

పాపకి అబద్ధం చెప్పకు. అట్లాసు తీసి, యుద్ధం ఎక్కడో, మనం ఎక్కడో వేలితో చూపించు. "అక్కడి పిల్లలు కష్టంలో ఉన్నారు, నాకూ బాధగా ఉంది" అను. అడిగినంతే చెప్పు. తెలియనిది అడిగితే తెలియదను. మంచి చేసేవాళ్ల సంగతీ చెప్పు: 1999 తుఫానులో ఒడిశాలో దాదాపు పదివేలమంది పోయారు. కానీ ఫైలిన్‌కి ముందే లక్షలమందిని షెల్టర్లకు తరలించారు, పోయినవాళ్లు పదుల్లోనే.

రాత్రి పడుకునే ముందు మాత్రం ఈ కబుర్లు వద్దు. అన్నాల దగ్గర వార్తలు కట్టేయండి. అల్లుడుగారికి కూడా చెప్పు, పాప వింటుండగా ఫోన్లో ఆ వీడియోలు పెట్టొద్దని. నిద్ర, తిండి చాలా రోజులు సరిగ్గా లేకపోతే డాక్టరుకు చూపించడానికి మొహమాటపడకు.

ఆదివారం పాపను తీసుకుని బరంపురం రా. ఏమేం అడగాలనుకుంటోందో అన్నీ గుర్తుపెట్టుకుని రమ్మను.

మీ అమ్మ